మదర్‌బోర్డు "ఫిజికల్ డ్యామేజ్" అని తిప్పి పంపారు, నాకేమీ కనిపించడం లేదు. ఎక్కడ చూడాలి?

గుంటూరు_గేమర్
వారంటీలో ఉన్న మదర్‌బోర్డు సర్వీస్ సెంటర్‌కి ఇస్తే జాబ్ షీట్ మీద "ఫిజికల్ డ్యామేజ్" అని రాసి తిప్పి పంపారు. ఎక్కడుందో చూపించమంటే "ఇంజనీర్ రిపోర్ట్ అంతే సార్" అన్నారు. ఒక్క ఫోటో కూడా ఇవ్వలేదు. బోర్డు కింద పడలేదు, దాని మీద నీళ్ళు పడలేదు. ఎంతసేపు తిప్పి తిప్పి చూసినా నా కంటికి కొత్త బోర్డులాగే ఉంది.

సమస్య ఇది. నాలుగు ర్యామ్ స్లాట్లలో ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న రెండూ పనిచేయవు. వాటిలో ఏ స్టిక్ పెట్టినా బోర్డు మీద ర్యామ్ లైటు వెలిగి అక్కడే ఆగిపోతుంది, డిస్‌ప్లే రాదు. అవే స్టిక్కులు దూరంగా ఉన్న రెండు స్లాట్లలో పెడితే విండోస్ మామూలుగా వస్తుంది. 12వ తరం ఇంటెల్, ఎల్‌జీఏ 1700 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు), డీడీఆర్4 ర్యామ్.

ఎక్కడ చూడాలి, ఏం చూడాలి? వాళ్ళు చెప్పింది నిజమే అయితే కనీసం నా కళ్ళతో చూసి ఒప్పుకుంటాను.

పాత_పెంటియం
ముందు కెపాసిటర్లు చూడండి. ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉండే చిన్న డబ్బాలు. పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, పైన ప్లస్ ఆకారంలో ఉండే గీత విచ్చుకున్నా, అడుగున గోధుమరంగు మరక కారినా అది పోయినట్టే. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు వచ్చిన బోర్డుల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల ప్రపంచమంతా ఇదే గోల. మేం నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో కేబినెట్ తెరవగానే చూపు ముందు వాటి మీదకే వెళ్ళేది.

రీబూట్_రమణి
ఫోటోలు లేకుండా ఎవరు మాత్రం ఏం చెప్తారు? ముందు ఫోటోలు పెట్టండి.

సోల్డర్_సుబ్బు
పెంటియం గారూ, ఆ కాలం బోర్డులకి మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఇప్పటి బోర్డుల మీద ఎక్కువగా ఉండేవి సాలిడ్ కెపాసిటర్లు. లోపల ద్రవం ఉండదు, పైన ఆ గీతలూ ఉండవు, ఉబ్బడం చాలా అరుదు. పైగా ఈయన సిస్టమ్ రెండు స్లాట్లతో శుభ్రంగా నడుస్తోంది.

గేమర్ గారూ, మీరు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. చానల్ అంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి. దగ్గరున్న రెండు స్లాట్లు "A" చానల్, దూరంగా ఉన్నవి "B" చానల్. ఒక చానల్ మొత్తం పోయిందంటే రెండు స్లాట్లూ ఒకేసారి చెడిపోయాయని కాదు, ఆ రెండింటికీ ఉమ్మడిగా వెళ్ళే దారిలో ఎక్కడో తెగి ఉంటుంది. ర్యామ్ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ దారి సాకెట్ దగ్గర మొదలవుతుంది. ముందు సాకెట్ పిన్నులు చూడండి.

ప్రాసెసర్ తీసి, గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి బోర్డుకి దాదాపు ఆనించి పెట్టండి. వెలుతురు పైనుంచి కొడితే 1700 పిన్నులూ ఒక్కలాగే మెరుస్తాయి, ఏమీ తెలియదు. ఏటవాలుగా పడితే నాట్లేసిన మడిలా వరసలు కనిపిస్తాయి, ఒక్క పిన్ను ఒరిగినా వరస అక్కడ చెదురుతుంది. నాలుగు వైపుల నుంచీ చూడాలి. కొన్ని వంకరలు ఒక వైపు నుంచి అస్సలు తెలియవు. ఫోటోకి ఫోన్‌ని దగ్గరకి తీసుకెళ్ళకండి, కొంచెం దూరంలో పెట్టి జూమ్ చేయండి. వేలు పెట్టొద్దు, గుడ్డతో తుడవొద్దు. ఒక్క నూలుపోగు తగులుకున్నా పిన్నులు లేచిపోతాయి.

వైజాగ్_వాసి
అంత దూరం వెళ్ళే ముందు ర్యామ్ కాంటాక్టులు చూసుకోండి. మాది బీచ్‌కి దగ్గర, ఉప్పుగాలికి ఏ లోహమూ నిలవదు. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెడితే చాలాసార్లు దారికి వస్తుంది.

రీబూట్_రమణి
రబ్బరు వద్దండీ. ఆ బంగారు పూత చాలా పల్చన, రుద్దిన కొద్దీ అరుగుతుంది. రబ్బరు పొడి స్లాట్‌లో పడితే అదింకో తలనొప్పి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ చాలు. అయినా అవే స్టిక్కులు వేరే స్లాట్లలో పనిచేస్తున్నాయని ఆయన రాశారు కదా.

వైజాగ్_వాసి
స్టిక్ బాగుండి, స్లాట్ లోపలి కాంటాక్టుకి చిలుము పట్టి ఉండొచ్చు కదా! మా ఇంట్లో జరిగింది అదే. టార్చ్ వేసి చూస్తే స్లాట్‌లో రెండు మూడు కాళ్ళ మీద పచ్చగా ఉంది. తెల్ల రబ్బరు ఏళ్ళ తరబడి వాడుతున్నాం, ఏ స్టిక్కూ పోలేదు.

సోల్డర్_సుబ్బు
స్లాట్ లోపల చూడమన్నది మంచి మాట. చిలుము ఒక్కటే కాదు, స్టిక్ వంకరగా నొక్కితే ఒక కాలు లోపలికి ముడుచుకుపోతుంది. రబ్బరు విషయంలో నా ఓటు రమణి గారికే.

గుంటూరు_గేమర్
సుబ్బు గారు చెప్పినట్టే నాలుగు వైపుల నుంచీ తీశాను. సాకెట్ ఫోటోలు, స్లాట్ల ఫోటోలు జత చేశాను. సాకెట్ మూల బూడిదరంగు మరక ఒకటి ఉంది. అదేనా వాళ్ళు చెప్పిన డ్యామేజ్? టెన్షన్‌గా ఉంది.

లక్ష్మి_సర్క్యూట్
ఫోటోలు పెద్దవి చేసి వరస వరసా చూశాను. పిన్నులన్నీ బాగున్నాయి, స్లాట్లూ బాగున్నాయి. ఆ మరక థర్మల్ పేస్ట్. సాకెట్ అంచు ప్లాస్టిక్ మీద ఉంది తప్ప పిన్నుల్లోకి దిగలేదు. మామూలు తెల్ల, బూడిదరంగు పేస్టుల్లో కరెంటు పారదు. లిక్విడ్ మెటల్ అయితే భయపడాలి, అందులో కరెంటు పారుతుంది, అల్యూమినియంని కూడా తినేస్తుంది. ఇది అది కాదు.

మరకలన్నీ డ్యామేజ్ కాదని అందరికీ ఒక మాట. హీట్‌సింక్ అంచున నూనె జిడ్డు కనిపిస్తే అది థర్మల్ ప్యాడ్ నుంచి ఊరిన సిలికాన్ నూనె, బోర్డుకి హాని లేదు. టంకం వేసిన చోట పసుపుపచ్చ పెంకులాంటిది ఉంటే ఫ్లక్స్, టంకం బాగా అతకడానికి వాడేది. ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) జాలీలోంచి కెపాసిటర్ల మొదట్లో తెల్లటి ముద్ద కనిపిస్తే అది కదలకుండా పెట్టిన జిగురు. దాన్ని చూసి కెపాసిటర్ కారిందనుకుని మంచి ఎస్ఎంపీఎస్ పారేసిన వాళ్ళున్నారు. భయపడాల్సింది బోర్డు రంగు మారి గోధుమరంగు తిరిగితే, చిప్ మీద బుడగో గుంటో ఉంటే, కాలిన వాసన వస్తే.

ఓరుగల్లు_బిట్
వాసన అంటే గుర్తొచ్చింది అన్నా. మా ఇంట్లో సిస్టమ్ ఠప్‌మని ఆగిపోయింది. వాసన చూస్తే ప్లాస్టిక్ కాలినట్టు లేదు, ఇంకేదోలా ఉంది. ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ జాలీలోంచి టార్చ్ వేస్తే లోపల బల్లి, అక్కడే మాడిపోయి ఉంది. కేబినెట్ వెనక స్లాట్ కవర్ ఒకటి ఊడిపోతే ఆ సందులోంచి దూరింది.

పాత_పెంటియం
తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఒక ఫలం అని పంచాంగంలో ఉంటుంది. ఎస్ఎంపీఎస్‌లో పడితే ఏమిటో ఎవరూ రాయలేదు. 😄

ఓరుగల్లు_బిట్
ధననష్టం అన్నా, అనుమానం లేదు. కొత్తది కొన్నా.

లక్ష్మి_సర్క్యూట్
జాలీలోంచి చూసి ఆగారు, అది చాలా మంచి పని చేశారు. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పకండి. మన 230 వోల్టులు లోపల డీసీగా మారేసరికి 325 వోల్టుల దాకా వెళ్తుంది, ఇప్పటి పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే) మోడళ్ళలో 400కి దగ్గరగా ఉంటుంది. ప్లగ్ తీసేసినా పెద్ద కెపాసిటర్ ఆ చార్జ్‌ని కొంతసేపు పట్టుకునే ఉంటుంది. బయటినుంచి చూడగలిగినవే చూడండి: ఫ్యాన్, వైర్లు, కనెక్టర్ల ప్లాస్టిక్, వాసన.

డల్లాస్_బాబాయ్
కనెక్టర్ల ప్లాస్టిక్ అన్నారు కాబట్టి చెప్తున్నా. మా అబ్బాయి గ్రాఫిక్స్ కార్డు ఆట మధ్యలో స్క్రీన్ నల్లగా అయ్యేది. డ్రైవర్లని, విండోస్‌ని తిట్టుకుంటూ చాలా రోజులు గడిపాడు. చివరికి పవర్ కేబుల్ పీకి చూస్తే 16 పిన్నుల కనెక్టర్‌లో ఒక చివర రెండు గళ్ళు గోధుమరంగులోకి మారి ప్లాస్టిక్ కొంచెం కరిగి ఉంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డులతో వార్తల్లోకెక్కిన కనెక్టరే. పూర్తిగా లోపలికి దిగకపోతే కాంటాక్ట్ దగ్గర వేడెక్కుతుంది. తర్వాత 12వీ-2ఎక్స్6 అని మార్చిన రకం తెచ్చారు, అందులో సెన్స్ పిన్నులు పొట్టివి, సరిగ్గా దిగకపోతే కార్డు పవర్ తీసుకోదు. కేబుల్ ఊడదీస్తే గానీ ఇది కనపడదు. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది.

రీబూట్_రమణి
పాత మోలెక్స్ పవర్ కనెక్టర్ నుంచి సాటాకి (హార్డ్ డిస్కుల కనెక్టర్) మార్చే అడాప్టర్లు కూడా అంతే. ప్లాస్టిక్ ఒకే ముద్దగా పోతపోసిన రకం అయితే లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోతాయి. వైర్లు విడివిడిగా గుచ్చిన రకం వాడండి.

సోల్డర్_సుబ్బు
మళ్ళీ అసలు విషయానికి. సాకెట్ బాగుంది, స్లాట్లు బాగున్నాయి. గేమర్ గారూ, బోర్డు వెనక వైపు చూశారా? ప్రాసెసర్ కింద భాగం, ముఖ్యంగా కూలర్ స్క్రూ రంధ్రాల చుట్టూ. కూలర్ ఎప్పుడైనా మార్చారా?

గుంటూరు_గేమర్
మార్చాం. ఎండాకాలం వేడికి ఇంటెల్ ఇచ్చిన కూలర్ చాలడం లేదని షాపులో పెద్దది పెట్టించాను. పాత సిస్టమ్‌లో వాడిన కూలర్ ఉంటే, "దీనికీ సరిపోతుంది" అని వాళ్ళే బిగించారు. వెనక ఇనుప ప్లేట్ వచ్చేది. ఆ తర్వాత కొన్నాళ్ళు బాగానే నడిచినట్టుంది. అప్పట్లో ర్యామ్ ఒకటే ఉండేది, అదీ దూరంగా ఉన్న స్లాట్‌లోనే. రెండోది కొన్నాకే సమస్య బయటపడింది.

వెనక వైపు ఇప్పుడే తీశాను. ఫోటో చూడండి. కుడివైపు పై రంధ్రం పక్కన సన్నటి గీత ఉంది. దాని పక్కన చిన్న చిన్న భాగాలు వరసగా ఉన్నాయి, మధ్యలో ఒకటి ఉండాల్సిన చోట ఖాళీ.

సోల్డర్_సుబ్బు
పాత సిస్టమ్ ఏ సాకెట్? 1200 లేదా 1151 అయితే రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 1700కి 78. ఆ ప్లేట్ ఈ బోర్డుకి సరిగ్గా కూర్చోదు. బలవంతంగా లాగి బిగిస్తే ఇనుప అంచు బోర్డు మీద గీసుకుంటూ జరుగుతుంది.

గుంటూరు_గేమర్
పాతది 1151.

రీబూట్_రమణి
ఆగండి, అంత తొందరగా తేల్చొద్దు. ఖాళీ చోటు ఉందంటే భాగం ఊడిపోయిందని కాదు. ఒకే బోర్డు డిజైన్‌తో కంపెనీలు నాలుగైదు మోడళ్ళు చేస్తాయి, చవక మోడల్‌లో కొన్ని భాగాలు పెట్టకుండానే వదిలేస్తాయి. నా బోర్డు మీద అలాంటి ఖాళీలు బోలెడు, అయిదేళ్ళుగా నడుస్తోంది.

లక్ష్మి_సర్క్యూట్
రమణి గారన్నది నిజమే. అందుకే ఖాళీని ఎలా చదవాలో కాస్త వివరంగా రాస్తాను.

ఫ్యాక్టరీలోనే వదిలేసిన చోట రెండు ప్యాడ్లూ (భాగాన్ని అతికించే లోహపు చోట్లు) ఒకేలా ఉంటాయి. టంకం ఉంటే నున్నగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. లేకపోతే చదునైన లోహం మాత్రమే కనిపిస్తుంది. చుట్టూ గీతలుండవు. ఊడగొట్టిన చోట టంకం గరుకుగా, చిరిగినట్టు, మసకగా ఉంటుంది. భాగం తాలూకు చిన్న ముక్క ఒక ప్యాడ్‌కి అంటుకునే ఉండొచ్చు. గట్టి దెబ్బైతే ప్యాడ్ కూడా లేచిపోయి కింద బోర్డు నార కనిపిస్తుంది. పక్కనున్న భాగం కొంచెం పక్కకి తిరిగి ఉండడం కూడా గుర్తే, ఎందుకంటే దెబ్బ సాధారణంగా ఒక్కదానికే తగలదు.

ఈ ఫోటోలో ఒక ప్యాడ్ నున్నగానే ఉంది, రెండోది గరుకుగా ఉంది. పక్క భాగం వంకరగా ఉంది. నా లెక్కలో ఇది ఊడిందే. అయినా నా మాట మీద వెళ్ళకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో బోర్డు వెనక ఫోటో సాధారణంగా ఉండదు, అదే మోడల్‌ని అమ్ముతూ ఎవరైనా పెట్టిన ఫోటోలు వెతకండి. బోర్డు మీద అచ్చేసిన రివిజన్ నంబరు కూడా కలవాలి, రివిజన్ మారితే భాగాలు మారతాయి.

రీబూట్_రమణి
వెతికాను. సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతున్న వాళ్ళెవరో అదే మోడల్, అదే రివిజన్ వెనక ఫోటో పెట్టారు. అందులో ఆ చోట భాగం ఉంది. లింక్ గేమర్ గారికి మెసేజ్‌లో పంపాను. ఊడిందే.

కానీ నా అనుమానం ఇంకా ఉంది. అక్కడ వరసగా ఉన్నవి కెపాసిటర్లు. వాటిలో ఒకటి పోయినంత మాత్రాన చానల్ మొత్తం చస్తుందా?

సోల్డర్_సుబ్బు
చావదు. అవి సప్లైని నిలకడగా ఉంచేవి, పదింట్లో ఒకటి పోతే చాలా బోర్డులకి తెలియను కూడా తెలియదు. ఇక్కడ దొంగ ఆ గీత. సాకెట్‌కీ ర్యామ్ స్లాట్లకీ మధ్య వెంట్రుకంత సన్నటి ట్రాకులు, అంటే రాగి దారులు, గుంపుగా వెళ్తాయి. గీత వాటికి అడ్డంగా పడింది. గీతలో ఎక్కడైనా రాగి మెరుస్తోందా, చూడండి. పైపూత మాత్రమే గీసుకుంటే లోపలి ట్రాక్ తెగకపోవచ్చు. గడియారాల రిపేరు వాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం దొరికితే అది వాడండి, ఫోన్ కంటే బాగా తెలుస్తుంది.

గుంటూరు_గేమర్
మా వీధిలో గడియారాల తాతగారి దగ్గర చూపించాను. ఆయనే అద్దం పెట్టి "రెండు చోట్ల ఎర్రగా మెరుస్తోంది బాబూ" అన్నారు. నేనూ చూశాను. స్పష్టంగా ఉంది.

ఓరుగల్లు_బిట్
తాతగారికి వేదికలో సభ్యత్వం ఇప్పించాలె.

బెజవాడ_భాను
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా సింగ్‌నగర్ ఇల్లు మునిగింది. సిస్టమ్ కూడా నీళ్ళలోనే ఉండిపోయింది. అప్పుడే ఆరబెట్టి అటక మీద పెట్టేశాం. ఇప్పుడు ఒకసారి ఆన్ చేసి చూద్దామా అని మా తమ్ముడు అంటున్నాడు.

లక్ష్మి_సర్క్యూట్
వద్దు భానూ, ఆన్ చేసి చూడొద్దు. ముందు విప్పి చూడాలి. బురద నీళ్ళు ఆరినా ఉప్పులు, ఒండ్రు అక్కడే ఉంటాయి. మదర్‌బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ తీశారా? వరద నీళ్ళు తగిలినప్పుడు మొదట తీయాల్సింది అదే. ప్లగ్ పెట్టకపోయినా ఆ 3 వోల్టులు తడి బోర్డులో పారుతూనే ఉంటాయి, చిలుము వేగంగా పడుతుంది. బ్యాటరీ చుట్టూ, స్లాట్ల అడుగున, చిప్‌ల కాళ్ళ మధ్య పచ్చగా, తెల్లగా పొడి కనిపిస్తుందేమో చూడండి. పెద్ద చిప్‌ల కింద పట్టింది మాత్రం కంటికి కనపడదు. ఎస్ఎంపీఎస్ మీద ఆశ వదిలేయండి, దాన్ని అస్సలు వాడొద్దు.

హార్డ్ డిస్క్‌లో ఫోటోలు కావాలంటే దాన్నీ ఆన్ చేయకండి. ఆ డిస్కులకి గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్ళు అందులోంచి లోపలికి వెళ్ళి ఉండొచ్చు. తిప్పితే డేటా చదివే హెడ్ లోపలి ప్లేటర్‌ని (డేటా ఉండే పళ్ళెం) గీసేస్తుంది. డేటా రికవరీ చేసే వాళ్ళకి అలాగే ఇవ్వండి.

బెజవాడ_భాను
బ్యాటరీ తీయలేదు. ఇప్పుడే తీస్తాను. మా అమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, తమ్ముడికి గట్టిగా చెప్తాను.

డల్లాస్_బాబాయ్
గేమర్, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? సర్వీస్ సెంటర్ మీద పోరాడతావా?

రీబూట్_రమణి
సర్వీస్ సెంటర్ చెప్పింది తప్పు కాదని తేలింది కదా. గీత ఉంది, భాగం ఊడింది. అది మామూలు వారంటీలో రాదు. వాళ్ళ తప్పు ఫోటో ఇవ్వకపోవడం. అడగాల్సింది కూలర్ బిగించిన షాపుని.

సోల్డర్_సుబ్బు
ఒప్పుకుంటాను. కాకపోతే షాపు వాళ్ళు "మా దగ్గర జరగలేదు" అంటారు, చూస్తూ ఉండండి. బోర్డుని ఎవరి చేతికిచ్చినా ముందు సాకెట్, బోర్డు రెండు వైపులా, సీరియల్ నంబరు కనిపించేలా ఫోటోలు తీసి, కౌంటర్ మీదే వాళ్ళకి చూపించి ఇవ్వాలి. సాకెట్ మీద ప్లాస్టిక్ మూత పెట్టకుండా బోర్డు పంపొద్దు. మూత లేకుండా వెళ్ళిన బోర్డులో దారిలో పిన్ను వంగినా అది మన నెత్తికే.

కృష్ణాతీరం
షాపు బిల్లు మీద కూలర్ ఫిట్టింగ్ చార్జ్ రాసి ఉందా? ఉంటే అది మీకు పెద్ద ఆధారం. ముందు షాపుకి రాతపూర్వకంగా ఇవ్వండి. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. దానికీ లొంగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. చాలామటుకు అంతదూరం వెళ్ళదు.

గుంటూరు_గేమర్
బిల్లులో "కూలర్ ఇన్‌స్టలేషన్" అని ఉంది! ఫోటోలు, బిల్లు, 75-78 లెక్క అన్నీ కాగితం మీద పెట్టి ఇచ్చాను. యజమాని మొదట గట్టిగా మాట్లాడాడు. ప్లేట్‌ని బోర్డు మీద పెట్టి చూపిస్తే, దాని అంచు సరిగ్గా ఆ గీత మీదే కూర్చుంది. రిపేరు ఖర్చు పెట్టుకుంటానన్నాడు.

బోర్డు విజయవాడలో చిప్ లెవల్ రిపేరు చేసే ఒకాయనకి ఇచ్చాను. మైక్రోస్కోప్ కింద రెండు ట్రాకులు తెగాయని చూపించారు. పైపూత గీకి, సన్నటి ఎనామిల్ తీగతో తెగిన చోట్లని కలిపే జంపర్లు వేసి, మీద మాస్క్ (రక్షణ పూత) పూశారు. ఊడిన కెపాసిటర్ ఒక డెడ్ బోర్డు నుంచి తీసి పెట్టారు. ఇప్పుడు నాలుగు స్లాట్లూ గుర్తిస్తోంది. కాకపోతే ర్యామ్‌ని 3200 వేగంతో నడిపితే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్‌లో ఎర్రర్లు వస్తున్నాయి. 2666కి తగ్గిస్తే ఒక్కటీ లేదు.

సోల్డర్_సుబ్బు
బాగా చేశారాయన. ఆ ట్రాకుల పొడవులు లెక్కగా సరిపెట్టి వేస్తారు, జంపర్ పడితే పై వేగాల దగ్గర సిగ్నల్ కొంచెం చెదరడం మామూలే. 2666 దగ్గరే ఉంచండి. మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌ల దాకా నడుస్తుంది, రాత్రి పెట్టి నాలుగూ పూర్తి కానివ్వండి. ఆటల్లో మీకు పెద్ద తేడా తెలియదు.

లక్ష్మి_సర్క్యూట్
కూలర్ మళ్ళీ పెట్టేటప్పుడు 1700కి వచ్చే బ్రాకెట్ కిట్ విడిగా కొనండి, ఆ పాత ప్లేట్ వద్దు. కొత్త ప్లేట్ అడుగున ప్లాస్టిక్ లేదా ఫోమ్ పొర ఉందో లేదో చూసి, స్క్రూలు వేయకుండా ఒకసారి ఆనించి, ఏ భాగం మీదా కూర్చోవడం లేదని తేల్చుకున్నాకే బిగించండి. జంపర్లు అదే రంధ్రం పక్కన ఉన్నాయి.

గుంటూరు_గేమర్
కిట్ ఆర్డర్ పెట్టాను. వచ్చేదాకా ఇంటెల్ కూలరే, దానికి వెనక ప్లేట్ లేదు. ఆనించినప్పుడు ఫోటో తీసి ఇక్కడ పెడతాను, మీరందరూ చూసి సరే అన్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాను.